ఉప్పలమ్మ తోమిన గిన్నెలు

నోట్లో తీపి తగులుతోందని హిడ్మే చెప్పిన రోజు రామనర్సయ్యకు అన్నం సహించలేదు.

మధ్యాహ్నం తిండి వేళ అది. పామేడు దారిలో అడవి మొదలయ్యే చోట ఒక రేకుల షెడ్డు ఉంది. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి సీసం పలకలు లాగి, పెద్ద ఇనుప కడాయిలో కరిగించి దిమ్మలు పోస్తారు అక్కడ. ట్రాక్టర్లవి, లారీలవి, అడవి ఊళ్ళల్లో వెలగడం మానేసిన సోలారు దీపాలవి, చచ్చిన బ్యాటరీలన్నీ ఆ షెడ్డుకే చేరతాయి. షెడ్డు వెనక నీడలో పనివాళ్ళు ఆకు దొప్పల్లో జావ పోసుకుని తాగుతున్నారు. హిడ్మే రెండు గుక్కలు తాగి దొప్ప పక్కన పెట్టింది.

"ఏందే, తాగుతలేవు?" అన్నాడు రామనర్సయ్య.

"ఏమో మామా. జావల బెల్లం ఏసినట్టున్నది. ఉత్త నీళ్ళు తాగినా గట్లనే ఉన్నది. నోరంతా తీపి."

"ఎన్ని దినాల సంది?"

"వారం అయితున్నది. లోపలోనికి తీపి మీద పాణం పోయింది గావొచ్చు." కడుపు మీద చెయ్యి వేసుకుని నవ్వింది. ఐదో నెల ఆమెకు. "పుట్టినంక సంతల జిలేబీ దుకాణం కాడనే కూసోపెడతా."

పక్కనున్న వాళ్ళూ నవ్వారు. రామనర్సయ్య నవ్వలేదు. చేతిలోని ముద్ద తిరిగి డబ్బాలో పెట్టి మూత బిగించాడు.

హిడ్మే వేళ్ళ సందుల్లో, కనురెప్పల మీద, పాపిట్లో పిండి లాంటి బూడిద. కరిగిన సీసం మీద తెట్టు కడుతుంది. దాన్ని గరిటెతో తీసి పక్కన పోస్తే ఆరి బూడిదవుతుంది. ఆ బూడిదను గంపకెత్తి వెనక గోతిలో పోసి రావడం ఆమె పని. పొద్దున్నుంచి సాయంత్రం దాకా గంప నెత్తి మీదే. చేతులు కడుక్కోవడానికి నీళ్ళ డ్రమ్ము ఉంది గాని, అది దిమ్మలు చల్లార్చడానికి.

నోట్లో తీపి అన్న మాట ఉప్పలమ్మ కూడా చెప్పింది. పోయిన ఏడాది వానలకు ముందు చెప్పింది. అప్పుడు అతను ఏమన్నాడంటే, "ముసలితనానికి నీ నోరు తియ్యబడ్డది, సంతోషం" అన్నాడు. దీపావళి దాటి వారం తిరగకముందే ఆమె పోయింది.

ఉప్పలమ్మ అతని భార్య. గిన్నెల పిచ్చి మనిషి. అన్నం మాడినా ఊరుకునేది గాని గిన్నెకు మసి ఉంటే ఊరుకునేది కాదు. వాకిట్లో వెదురు తడిక మీద గిన్నెలన్నీ బోర్లించి ఎండకు పెడితే, దారిన పోయేవాళ్ళు కళ్ళు చికిలించుకుని చూడాలి. అదే ఆమెకు పండగ. పొయ్యిలో బూడిదలో బొగ్గు నలుసులుంటాయని, గీతలు పడతాయని గొణిగేది. ఆ గొణుగుడు వినలేక రామనర్సయ్య ఒకరోజు షెడ్డు నుంచి సంచిలో రెండు గుప్పిళ్ళ బూడిద తెచ్చాడు. జల్లెడ పట్టినట్టున్న మెత్తని బూడిద. గిన్నెలు అద్దాలయ్యాయి. ఇరుగుపొరుగు ఆడవాళ్ళు అడిగారు, ఏం పెట్టి తోముతున్నావని. ఉప్పలమ్మ చెప్పలేదు, చిటికెడు ఇవ్వలేదు. ఆమె పిసినారితనం ఊరిని కాపాడింది.

రెండేళ్ళు తెచ్చాడు. ప్రతి వారం సంచి నింపి తెచ్చాడు. దానితో గిన్నెలు తోమేది, పళ్ళూ తోముకునేది. ఆ గిన్నెల్లోనే చింతపండు పులుసు కాచి మర్నాటి దాకా ఉంచేది. అతను పొద్దంతా షెడ్డు దగ్గర తిండి తినేవాడు, కొడుకు వీరేందర్ షెడ్డు బండిలో పాత బ్యాటరీలు ఏరుతూ ఊళ్ళు తిరిగేవాడు. ఇంటిపట్టున ఉండి మూడు పూటలా ఆ గిన్నెల్లో తిన్నది ఉప్పలమ్మ ఒక్కతే.

మొదట కడుపులో మెలిపెట్టే నొప్పి. తర్వాత మణికట్టు వాలిపోయి గరిటె పట్టలేకపోయింది. ఆఖరికి ఫిట్సు. వీరేందర్ బండిలో వేసుకుని గోదావరి అవతలి పెద్దాసుపత్రికి తీసుకుపోయారు. అక్కడి డాక్టరు కుర్రవాడు. ఉప్పలమ్మ పెదవి ఎత్తి చిగుళ్ళు చూశాడు. పళ్ళ మొదట నీలంగా సన్నని గీత.

"నువ్వేం పని చేస్తావు పెద్దాయనా?" అని అడిగాడు.

"బ్యాటరీల షెడ్డు సార్."

"ఈమె కూడా అక్కడికి వస్తదా?"

"రాదు సార్."

"అక్కడి నుంచి ఇంటికేమన్నా తెస్తావా? పలకలు గాని, బూడిద గాని?"

డాక్టరు నోట బూడిద అన్న మాట వచ్చిన క్షణంలోనే రామనర్సయ్యకు అంతా అర్థమైపోయింది. పక్కన వీరేందర్ తల్లి కాళ్ళు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"లేదు సార్," అన్నాడు.

అర్థం కాని మనిషి అయితే నిజం చెప్పి ఉండేవాడు. డాక్టరు వేరే జబ్బులు వెతకడం మొదలుపెట్టాడు. మూడో రోజు ఉప్పలమ్మ పోయింది.

రామనర్సయ్య అక్కడితో ఆగి ఉంటే అది అతని ఇంటి పాపం. ఆగలేదు.

అతనుండేది వాగొడ్డు గుంపు. పదిహేను తెలుగు ఇళ్ళు, ఇరవై దోర్ల గిరిజనుల ఇళ్ళు. దినాలు కాగానే ఊరి పూజారి వడ్డెను పిలిచారు. వడ్డె చాటలో బియ్యం పోసి, దీపం పెట్టి, గింజలు కదిలిన దిక్కు చూసి చేతబడి చేసినవాళ్ళు తూర్పు ఇంట్లో ఉన్నారన్నాడు. తూర్పున ఉన్నది ఒకటే ఇల్లు, నందేది. ముండమోసిన దోర్ల ముసలమ్మ. ఉప్పలమ్మకు ముప్పై ఏళ్ళ స్నేహితురాలు.

ఊరిపెద్ద పటేల్ మాసా రామనర్సయ్యను అడిగాడు. "నీ ఆడమనిషి పడకేసే ముందల నందే ఆమెకు ఏమన్న పెట్టిందా?"

"ఇప్పపువ్వు ఉడకేసి దొప్పల పంపింది."

"తిన్నదా?"

"తిన్నది."

అంతే అన్నాడు. అది అబద్ధం కూడా కాదు. ఆ రెండు ముక్కలతో నందే ఇంటిని వెలివేశారు. ఎవరూ ఆ ఇంటి నిప్పు ముట్టరు, ఆ ఇంటి చేతి నీళ్ళు తాగరు, నాట్లకూ కోతలకూ ఆ ఇంటి మనిషిని పిలవరు. నందే కొడుకు ఉంగ తల కొట్టేసినట్టయి శివరాత్రి దాటాక బోర్లు వేసే బండి వెంట పోయాడు. ఎక్కడో తమిళ దేశంలో ఉన్నాడు. ఉంగ భార్య హిడ్మే రెండు నెలలు ఆకులూ దుంపలూ ఏరుకొచ్చి, ఇక లాభం లేదని నడి ఎండాకాలంలో షెడ్డుకు వచ్చింది. గంప ఎక్కడుందో ఆమెకు చూపించింది రామనర్సయ్యే.

ఇప్పుడు ఆమె నోట్లో తీపి.

సాయంత్రం పని దిగేటప్పుడు పట్టుకున్నాడు ఆమెను.

"పని మానెయ్యి పిల్లా."

"ఎందుకు?"

"ఈ బూడిద మంచిది కాదు. కడుపుల ఉన్నదానికి అసలే మంచిది కాదు."

"నువ్వు ఆరేండ్ల సంది చేస్తున్నవు. రాయి తీరుగ ఉన్నవు."

"నా సంగతి ఇడిసిపెట్టు."

"సరే, మానేస్త. మానేసి ఏం తినాలె? మా అత్త చేతి నీళ్ళు ముట్టని ఊళ్ళె నన్ను ఎవరు పనికి పిలుస్తరు? నువ్వు పిలుస్తవా?" హిడ్మే గంప బోర్లించి చరిచింది. బూడిద లేచి ఇద్దరి మొహాల మీదా పడింది. "నీ పెళ్ళాన్నే కద మా అత్త మింగింది. నువ్వా మాకు మంచీ చెడ్డా చెప్పేది?"

అతను మొహం మీది బూడిద తుడుచుకునే లోపే ఆమె పోయింది.

మర్నాడు సుశీల దగ్గరికి వెళ్ళాడు. సుశీల ఊరి మితానిన్. సర్కారు మందుల పెట్టె ఇంట్లో పెట్టుకుని గర్భిణులనూ పిల్లలనూ చూసుకునే మనిషి. ఆమెకు తన సంగతి చెప్పలేదు. హిడ్మే సంగతి మాత్రమే చెప్పాడు.

"ఐదో నెలా? అక్కడ ఒక్క దినం కూడా ఉండొద్దు అన్నా," అంది సుశీల. "సీసం ఎముకలల్ల కూసుంటది. తల్లి ఎముకల నుంచి బిడ్డకు పోతది. కడుపు పోవచ్చు, పుట్టినా తెలివి మందగించొచ్చు. రక్తం తీసి పంపుతా నేను, గోలీలు ఇస్తా. కానీ ముందు ఆ దుమ్ము నుంచి బయటికి రావాలె. రాకుండ ఎన్ని గోలీలు మింగినా ఓటి కుండల నీళ్ళు పోసినట్టే."

"నువ్వు చెప్పు ఆమెకు."

"రెండుసార్లు చెప్పిన. పని ఇప్పించు, మానేస్త అంటది. నేనేడ ఇప్పించాలె?"

అక్కడి నుంచి మున్షీ వినోద్ దగ్గరికి పోయాడు. వినోద్ షెడ్డు యజమాని సేఠ్‌కు దూరపు చుట్టం. షెడ్డుకు అతనే రాజు. ఆఫీసు గది బయట ఒక రేకు బోర్డు గోడకు మొహం పెట్టి ఆనించి ఉంటుంది. తనిఖీకి ఆఫీసర్లు వస్తున్నారని ఫోను రాగానే దాన్ని ఇటు తిప్పుతారు, పెట్టెలోంచి కొత్త చేతి తొడుగులూ మాస్కులూ తీసి పంచుతారు. ఆఫీసర్ల జీపు పోగానే తొడుగులు మడతపెట్టి పెట్టెలోకి, బోర్డు గోడవైపు. ఆరేళ్ళుగా బోర్డు తిప్పే పని రామనర్సయ్యదే. నది అవతలి బడిలో నాలుగో తరగతి చదివాడు, హిందీ అక్షరాలు కూడబలుక్కోగలడు. అయినా ఉప్పలమ్మ పోయేదాకా ఆ బోర్డు చదవలేదు. పోయాక చదివాడు. చేతులు, మొహం కడుక్కోకుండా తినరాదు. పని బట్టలతో ఇంటికి పోరాదు. గర్భిణులను పనిలో పెట్టరాదు. దుమ్ము, బూడిద బయటికి తీసుకుపోరాదు. చదివి, మళ్ళీ గోడవైపు తిప్పి పెట్టాడు.

"సాబ్, హిడ్మే కడుపుతోనున్నది," అన్నాడు వినోద్‌తో. "ఆమెను బూడిద కాడ నుంచి తియ్యాలె."

వినోద్ ఫోను మీంచి తల ఎత్తాడు. "తీసేసి? ఇంటికి పంపమంటవా? పంపుతా. రేపటికి నలుగురు వస్తరు."

"గట్ల గాదు సాబ్. వేరే పని ఏదన్న. తొడుగులు, మాస్కులు..."

"తొడుగులు ఇస్తే మీవోళ్ళు సంతల అమ్ముకుంటరు. నాకు తెల్వదా?" కాస్త ఆలోచించాడు వినోద్. మనిషి చెడ్డవాడు కాడు, బుర్ర పెట్టని మనిషి. "సరే, నువ్వు పాతోడివి, అడిగినవు. హల్కా కామ్ ఇస్తా. బరువు మోయొద్దు. లోపల ఊడ్చుడు పని చెయ్యమను. నీడపట్టున ఉంటది."

మర్నాటి నుంచి హిడ్మే చేతికి చీపురు వచ్చింది. బ్యాటరీలు పగలగొట్టే గదిలో కిటికీ లేదు. ఆమె వంగి ఊడుస్తుంటే దుమ్ము నడుము దాకా లేచేది, తర్వాత తల దాకా. కొంగు ముక్కుకు కట్టుకుంది. మధ్యాహ్నానికి కొంగు మీద ముక్కు రంధ్రాలు రెండూ నల్లగా అచ్చుపడ్డాయి.

"మంచి పని ఇప్పిచ్చినవ్ మామా," అంది బయటికొచ్చి, ఊపిరి తీసుకుంటూ. ఆ గొంతులో వెటకారం లేదు. నిజంగానే అంటోంది. "గంప లేదు, మెడ నొప్పి లేదు. మొన్న నిన్ను తిట్టిన. మనసుల పెట్టుకోకు."

ఆ మెప్పు తిట్టుకన్నా లోతుగా దిగింది. తను చెయ్యి పెట్టిన ప్రతిచోటా పని చెడుతోంది. ఇక చెడకుండా మిగిలిన దారి ఒకటే. నందే ఇంటి వెలి తీయించాలి. వెలి పోతే నాట్లకు పిలుస్తారు, హిడ్మే షెడ్డు మొహం చూడదు. వెలి పోవాలంటే ఉప్పలమ్మ దేనివల్ల పోయిందో ఊరికి చెప్పాలి. ఊరికి చెప్పడమంటే వీరేందర్‌కు చెప్పడం.

ఆదివారం వాన తెరిపిచ్చింది. పటేల్ మాసా పశువుల కొట్టం ముందు ఊరు కూర్చుంది, నాట్లకు ఎవరి పొలం ముందు, ఎవరిది వెనక అన్నది తేల్చుకోవడానికి. రామనర్సయ్య లేచి నిలబడ్డాడు. వీరేందర్ వెనక మోటారు సైకిలు మీద కూర్చుని ఉన్నాడు.

"నాదొక మాట ఉన్నది."

"నీకు పొలం లేదు కద నర్సయ్యా, నీకేం మాట?" అన్నాడొకడు. నవ్వారు.

"ఉప్పలమ్మను నందే ఏం చెయ్యలే. నేను చేసిన."

నవ్వు ఆగింది. అతను తడబడకుండా చెప్పాడు. సంచి సంగతి, గిన్నెల సంగతి, పళ్ళు తోముకోవడం, చిగుళ్ళ మీద గీత. చివరికి డాక్టరు అడిగిన ప్రశ్న, తను చెప్పిన జవాబు. చెబుతున్నంతసేపూ నేల చూశాడు. అందులో ఏ ఒక్కటీ మెత్తగా చెప్పలేదు.

వడ్డె ముందుగా తేరుకున్నాడు. "గింజలు తూర్పుకే నడిచినయి. గింజలు అబద్ధమాడుతయా?"

"గింజల సంగతి నాకు తెల్వదు. బూడిద తెచ్చింది నేను."

"బూడిదతోని మనిషి సస్తదా? మేమంతా బూడిదతోనే తోముతున్నం!" అంది ఒక ముసలావిడ.

"మీది కట్టెల బూడిద అవ్వా. నాది సీసం బూడిద. రెండూ ఒక్క తీరుగనే ఉంటయి, గందుకే గిట్లయింది."

సుశీల లేచి అవునంది. మితానిన్ అవునన్నాక సగం మంది నమ్మారు. మిగతా సగం నమ్మకపోయినా, భార్యను తానే చంపానని ఏ మొగుడూ ఊరికే చెప్పుకోడని ఊరుకున్నారు. పటేల్ మాసా నములుతున్న చుట్ట తీసి పక్కన పెట్టాడు.

"మాట అన్నది నువ్వు. ఆ మాట మీదనే ఆ ఇంటిని బంద్ చేసినం," అన్నాడు. "నువ్వే పోయి అందరి ముందల ఆమె చేతి నీళ్ళు తాగాలె. నువ్వు తాగితే ఊరు తాగుతది."

వీరేందర్ తండ్రి వంక చూశాడు. "నేను పక్కననే ఉన్న ఆ దినం," అన్నాడు, అంతే. బండి తోసుకుంటూ వెళ్ళిపోయాడు. స్టార్టు కూడా చెయ్యలేదు.

ఊరంతా నందే వాకిటి దాకా వచ్చి, కంచె బయట ఆగింది. నందే గుమ్మంలో కూర్చుని చిల్లులు పడ్డ చేప వల అల్లుకుంటోంది. హిడ్మే లోపల్నుంచి వచ్చి నిలబడింది. పటేల్ సంగతి మొత్తం చెప్పాడు. నందే విన్నది, వల కింద పెట్టలేదు.

"నీళ్ళియ్యి నందే," అన్నాడు రామనర్సయ్య.

"ఇయ్య."

గుంపులో కదలిక. "అట్లంటే ఎట్లా?" అన్నాడు పటేల్.

"ఎట్లంటే అట్లనే. ఎనిమిది నెలలు. నా గడప ముందల కుక్క కూడా ఆగలే. ఇయ్యాల ఈయనకు దూపయితే నేను లేవాలెనా?" దారం పళ్ళతో తెంచింది. "ఓ నర్సయ్యా. బూడిద నువ్వు తెచ్చినవు, సరే, తెల్వక తెచ్చినవు. డాక్టరు కాడ నోరు మూసుకున్నవు, అది నీ సంసారం. ఇప్పపువ్వు పంపిన్నని పటేల్‌కు చెప్పేటప్పుడు నీకు తెలుసు కద, పువ్వుల ఏం లేదని?"

"తెలుసు."

"ఎందుకు చెప్పినవ్ మరి?"

"అడిగిండ్రు. చెప్పిన. ఎవరి మీదనో ఒకరి మీద పడితే నా మీద పడదనుకున్న."

కంచె బయట ఎవరో నాలిక చప్పరించారు. నందే తల ఊపింది, ఇన్నాళ్ళకు ఒక లెక్క సరిపోయినట్టు.

"నన్ను పాడె కాడికి రానియ్యలే," అంది. "ముప్పై ఏండ్లు. అది కాపురానికొచ్చిన సంది అడవికి ఇద్దరం కలిసి పోయినం. అది పోతే నేను ఏడ్వొద్దన్నరు. నా ఏడుపు కూడా మంత్రమేనన్నరు. ముందు నన్ను దాని కాడికి తీస్కపోండ్రి. ఏడుస్త. ఏడ్చినంక నీళ్ళ సంగతి చూద్దాం."

వాగు అవతల బొందలగడ్డ. వాగులో మోకాళ్ళ లోతు ఎర్రనీళ్ళు. ఊరు మొత్తం ఆ ముసలమ్మ వెనక నీళ్ళలో దిగింది. ఉప్పలమ్మను పూడ్చిన చోట గడ్డి లేచింది. నందే గడ్డి పీకి, కూర్చుని, శవం ఇంకా ఎదురుగా ఉన్నట్టే ఏడ్చింది. ఉప్పలమ్మ పేరు పెట్టి పిలిచి, ఆమె పిసినారితనం చెప్పి, గిన్నెల పిచ్చి చెప్పి, తనకు బాకీ ఉన్న ఉప్పు డబ్బా సంగతి చెప్పి ఏడ్చింది. మధ్యలో ఆడవాళ్ళు కొందరు నవ్వారు, నవ్వుతూనే కొంగు కళ్ళకు పెట్టుకున్నారు. రామనర్సయ్య దూరంగా నిలబడ్డాడు. అతనికి ఏడుపు రాలేదు. రాకూడదు కూడా అనుకున్నాడు.

తిరిగొచ్చాక నందే సొరబుర్రలో నీళ్ళు తెచ్చింది. అతని చేతికి ఇవ్వలేదు, దోసిట్లో పోసింది. పోస్తూ అంది, అందరికీ వినపడేటట్టు. "ఇది నీకు గాదు. నా కోడలు కడుపుల దానికి. నీకైతే వాగు ఉన్నది."

తాగాడు. తర్వాత పటేల్ తాగాడు. తర్వాత వరసగా ఊరు తాగింది.

అప్పటికప్పుడే ఒక తెలుగు రైతు తన పొలానికి హిడ్మేను పిలిచాడు. హిడ్మే సరేనంది. రామనర్సయ్య వంక ఒక్కసారి చూసింది. "చీపురు పని కూడా నువ్వే ఇప్పిచ్చినవు," అంది. ఇంకేమీ అనకుండా లోపలికి పోయింది.

సోమవారం షెడ్డు దగ్గర వినోద్ అతన్ని లోపలికి రానివ్వలేదు. ఊళ్ళో షెడ్డు పరువు తీశాడని సేఠ్ ఫోను చేశాడట. "నీ నోరు నీ పొట్ట కొట్టింది," అన్నాడు వినోద్, కొంచెం జాలిగానే. హిడ్మే చీపురు అప్పటికే పక్క ఊరి ఆడమనిషి చేతిలో ఉంది. ఆమె చంకలో చంటిపిల్ల. రామనర్సయ్య గేటు బయటి నుంచే కేకేసి చెప్పాడు, పిల్లను లోపలికి తీసుకుపోకమ్మా అని. ఆమె వినిపించుకోలేదు. వినోద్ గేటు వేసేశాడు.

ఇంటికొచ్చాడు. వీరేందర్ బట్టలు తీసుకుపోయాడు. పామేడులో ఒక గది చూసుకున్నాడని తర్వాత తెలిసింది, షెడ్డు బండి మానేశాడని కూడా. ఉప్పలమ్మ గిన్నెలన్నీ తడిక మీద అట్లాగే ఉన్నాయి. రామనర్సయ్య వాటిని గోనెలో వేసి ఊరికి దూరంగా లోతు గొయ్యి తీసి పూడ్చాడు. ఒక్క మట్టి కుండ కొనుక్కున్నాడు. అయినా ఊళ్ళో ఎవరూ అతని ఇంట్లో నీళ్ళు తాగడం లేదు. ఎవరూ బంద్ అనలేదు, పంచాయితీ పెట్టలేదు. దూప లేదంటారు, ఇప్పుడే తాగొచ్చామంటారు. పిల్లలను ఆ వాకిట్లో ఆడుకోనివ్వరు. అతను ఎవరినీ తప్పుపట్టలేదు. వాళ్ళ స్థానంలో ఉంటే అతనూ తాగడు.

నాట్లు జోరందుకున్నాయి. పనికి మగవాళ్ళు తక్కువై, నారు మోయడానికి అతన్నీ పిలిచారు. హిడ్మే కూడా ఆ పొలంలోనే ఉంది. నెల తిరిగింది, కడుపు తెలుస్తోంది. సుశీల రక్తం తీసి జిల్లా ఆసుపత్రికి పంపి మూడు వారాలైంది, అక్కడి నుంచి ఇంకెక్కడికో పంపారట, కాగితం రాలేదు. ఎర్ర గోలీలూ తెల్ల గోలీలూ మింగుతోంది. నోట్లో తీపి తగ్గిందా అని అడగడానికి అతనికి ధైర్యం లేదు.

సన్నని వాన. ఆడవాళ్ళు వరసగా వంగి, పాట ఒకరెత్తుకుంటే ఒకరందుకుంటూ, వెనక్కి వెనక్కి జరుగుతూ నాటుతున్నారు. హిడ్మే రెండుసార్లు నడుం పట్టుకుని ఆగింది. పక్కన ఉన్నవాళ్ళు ఆమె సాలులో కూడా రెండు మొక్కలు గుచ్చి ముందుకు పోయారు. రామనర్సయ్య నారు కట్టలు కావడిలో మోసుకొచ్చి గట్టు మీద దించాడు. ఒక కట్ట తీసి బురదలోకి దిగి ఆమె దగ్గరగా వెళ్ళాడు.

"కదులుతున్నదా?" అని అడిగాడు.

హిడ్మే అతని మొహం చూడలేదు. బురద చేతి వెనక వైపుతో నుదుటి మీది నీళ్ళు తుడుచుకుంది.

"ఒక్కో దినం కదులుతది."

"ఇయ్యాల?"

ఆమె మోచెయ్యి కడుపుకు ఆనించింది, లోపల వింటున్నట్టు. అవతల పాట అందుకోమని ఎవరో ఆమెను కేకేశారు.

"నారు ఇయ్యి," అంది చెయ్యి చాపి. "నా సాలు వెనకబడుతున్నది."